నమూనా చేపను ప్రాణముతో కొలుచుట
పడవలో కొలతబల్ల, ఫోటో పద్ధతి

చేపల చెరువు గల ప్రతి రైతూ నెలకొక పర్యాయమైనా విసురు వల వేయించి నాలుగు చేపలను పైకి తీసి చూచుకొనుట వాడుక. పెరుగుదల ఎట్లున్నది, వేసిన మేత ఒంటికి పట్టుచున్నదా, పేను చేరినదా అను సంగతులు ఇట్లు చూచినగాని తెలియవు. ఈ పనిలో రెండు బాధ్యతలు కలిసి ఉన్నవి. ఒకటి, కొలత సరిగా తీయుట. రెండు, కొలిచిన చేపను మరల బ్రదుకునట్లు నీటిలో విడుచుట. మొదటిదానిపై ఉన్న శ్రద్ధ రెండవదానిపై చాలామందికి లేదు. వలలోనుండి తీసిన బొచ్చెను గట్టుమీద పడవేసి, తక్కెడ వచ్చువరకు అది ఎగిరెగిరి పడుచుండగా చూచుచు నిలుచుందురు. ఆపైన చెరువులోనికి విసిరివేయుదురు. అది తోక ఆడించుచు లోనికి పోయినది గనుక బ్రదికినదనుకొందురు. కొన్ని దినములకు అదే చేప పుండుపడి గట్టుకు చేరినపుడు, నాటి కొలతకును దీనికిని సంబంధము ఉన్నదని ఎవరికి తోచును?

చేపను గట్టుకు తేకుండ, పడవలోనే, కొలతబల్లపై ఉంచి సెల్‌ఫోనుతో ఫోటో తీసి, వెంటనే విడిచిపెట్టు పద్ధతిని ఇచట వివరించుచున్నాము. ఇందులో చేప నీటి వెలుపల ఉండు కాలము పది, పదునైదు సెకండ్లకు మించదు. కొలతను తీరికగా ఇంటికి వచ్చి ఫోటోలో చదువుకొనవచ్చును.

గాలిలో చేపకు ఏమగును?

చేప మొప్పలలో సన్నని పొరలు పుస్తకపు పుటల వలె దొంతరలుగా ఉండును. నీటిలో ఉన్నంతసేపు అవి విడివిడిగా తేలుచు ప్రాణవాయువును పీల్చుకొనును. నీరు తీసివేయగానే తడిసిన కాగితముల వలె ఒకదానికొకటి అంటుకొనిపోవును. చుట్టూ గాలి ఎంత ఉన్నను చేపకు ఊపిరి ఆడదు. వలలో పెనుగులాడి అలసిన చేపకు ఇది మరింత కష్టము. అప్పటికే దాని కండరములలో లాక్టిక్ ఆమ్లము చేరి ఉండును. పరుగెత్తి పరుగెత్తి రొప్పుచున్న మనిషి ముక్కు నోరు మూసినట్లగును.

దీనిని గురించి కెనడాలో 1992లో వెలువడిన ఒక ప్రయోగము చెప్పదగినది. రెయిన్‌బో ట్రౌట్ చేపలను బాగుగా అలయించి, కొన్నింటిని నీటిలోనే విడిచినారు; కొన్నింటిని 30 సెకండ్లు, కొన్నింటిని 60 సెకండ్లు గాలిలో ఉంచి తరువాత నీటిలో విడిచినారు. గాలి తగులనివాటిలో నూటికి 12 చనిపోయినవి. అర నిమిషము గాలిలో ఉన్నవాటిలో నూటికి 38, నిమిషము ఉన్నవాటిలో నూటికి 72 చనిపోయినవి. ట్రౌట్ చల్లని నీటి చేప, సుకుమారమైనది. మన శీలావతి, ఎర్రమోసు అంతకన్న గట్టివి కాబట్టి ఈ అంకెలు మన చెరువులకు అట్లే వర్తించవు. అయినను అర నిమిషమునకు, నిమిషమునకు మధ్య ఎంత తేడా ఉన్నదో గమనింపుడు. "ఒక్క నిమిషమే గదా" అను మాట చేప విషయములో పనికిరాదు.

రెండవ సంగతి ఒంటిమీది జిగురు. చేప చేతిలో జారిపోవుటకు కారణమైన ఈ జిగట పొరయే దానికి కవచము. నీటిలోని సూక్ష్మక్రిములు, బూజు లోనికి చొరకుండ అది కాపాడును. పొడి చేతితో పట్టినను, పొడి గోనెపై పడుకోబెట్టినను, గట్టున మట్టిలో పొర్లించినను ఆ పొర ఊడివచ్చును. దానితో పాటు పొలుసులు కూడ రాలును. ఆ చోట మొదట ఎర్రని మచ్చ కనబడి, తరువాత పుండు పడవచ్చును. గట్టున మందు పిచికారి చేసిన చేతులతోనే వచ్చి చేపను పట్టుకొను కూలీలు కూడ ఉన్నారు. ఆ చేతులను సబ్బుతో కడిగి, సబ్బు వాసన పోవునట్లు మరల చెరువు నీటితో కడుగుకొని వచ్చినగాని చేపను ముట్టనీయరాదు.

ఈ పద్ధతి ఎక్కడిది?

కయాక్ అనునది ఒక్క మనిషి కూర్చుండి తెడ్డుతో నడుపుకొను సన్నని పడవ. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనులు సీలు వేటకు తోలుతో కట్టుకొన్న పడవలే దీనికి మూలము. నేడు అమెరికాలో ప్లాస్టిక్ కయాకులలో గాలము వేసి బాస్ అను చేపలను పట్టు పోటీలు జరుగుచున్నవి. పెద్ద మోటారు పడవలలో పోటీ చేయువారు చేపలను నీటితొట్టిలో ప్రాణముతో ఉంచుకొని, సాయంకాలము ఒడ్డుకు తెచ్చి తూకము వేయింతురు. కయాక్‌లో అంత తొట్టికి చోటు లేదు. అందుచేత అంకెలు వేసిన బల్లపై చేపను ఉంచి, దాని ముక్కు అడ్డుచెక్కకు తగిలి నోరు మూసి ఉండగా, ఆ పోటీకి ఇచ్చిన గుర్తుచీటీ కూడ కనబడునట్లు ఫోటో తీసి, అక్కడికక్కడే విడిచిపెట్టుదురు. గెలుపు బరువును బట్టి కాక పొడవును బట్టి నిర్ణయింతురు.

వారిది వినోదము, మనది జీవనము. అయినను ఇద్దరి ఇబ్బంది ఒక్కటే: ఊగుచున్న చిన్న పడవ, జారుచున్న చేప, రెండే చేతులు. ఆ పనివారి నేర్పంతయు ఒక్క విషయములో ఉన్నది. చేప నీటిలో ఉండగనే బల్ల, ఫోను, చీటీ అన్నియు సిద్ధముగా ఉంచుకొందురు. కాలము వృథా అగునది ఫోటో తీయుటలో కాదు, ఫోను కొరకు జేబులు తడుముకొనుటలో.

మన దేశములో చేపపిల్లల కేంద్రముల వారికి ఈ మెళకువ కొత్తది కాదు. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురిగారు సూదిమందుతో మేజరు కార్పు చేపలచే గుడ్లు పెట్టించుటలో కృతకృత్యులైనారు. నాటినుండి తల్లిచేపలను తడిబట్టలో పొదివి, క్షణములలో సూది వేసి విడుచుట ఆ కేంద్రములలో నిత్యకృత్యమైనది. పది కిలోల తల్లిచేపకు ఇచ్చు మర్యాదను అరకిలో నమూనా చేపకు కూడ ఇమ్మనియే మేము కోరునది.

బల్ల తయారుచేయుట

ఊరి వడ్రంగి గంటలో చేయగల పని. 75 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల పలక ఒకటి తీసికొని, దాని ఒక చివర నిలువుగా అడ్డుచెక్క బిగించవలెను. ఆ అడ్డుచెక్క లోపలి ముఖమే సున్న. అచటినుండి సెంటీమీటరుకొక గీత, అయిదింటికొక పెద్ద గీత, పదింటికొక అంకె నల్లని రంగుతో వేయవలెను. కొలతకు దర్జీవాని టేపు అంటింపకుడు, తడిసి సాగును. రెండు పొడవైన అంచులకు బొటనవ్రేలెత్తు పట్టీలు కొట్టినచో చేప ప్రక్కకు దొరలదు.

పలకకు వెలిసిన ఆకుపచ్చ లేక బూడిద రంగు వేయుట మేలు. తెల్లని నునుపు రంగు ఎండలో తళుక్కుమని ఫోటోలో అంకెలు కనబడవు. రేకుతో చేసిన బల్ల చూచుటకు బాగుండును గాని, ఎండలో పెట్టినచో పెనము వలె కాలును. కర్ర బల్లయైనను ప్రతి చేపకు ముందు చెరువులో ముంచి తీయవలసినదే. చెక్క అంచులు, మేకు తలలు చేప ఒంటికి గీసికొనకుండ గరుకుకాగితముతో నున్నగా రుద్దింపుడు.

ఎప్పుడు, ఎచట వల వేయవలెను?

తెల్లవారుజామున చెరువు నీటిలో ప్రాణవాయువు అన్నిటికన్న తక్కువగా ఉండును. రాత్రియంతయు చేపలే కాక నీటికి పచ్చదనమునిచ్చు సూక్ష్మవృక్షములు కూడ దానిని పీల్చుకొనుటయే ఇందుకు కారణము. ప్రొద్దు ఎక్కినకొలది అవియే ఎండలో ప్రాణవాయువును విడుచును. కావున ప్రొద్దు పొడిచిన రెండు గంటల తరువాత, ఎండ ముదరకముందు ఈ పని ముగించుట మంచిది. మేత వేయకముందే చేయవలెను. కడుపు నిండిన చేప కొలతకును ఆగదు, తూకమును సరిగా చూపదు. మబ్బు పట్టిన దినములందు, చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచున్న దినములందు వల ముట్టరాదు. నడివేసవి మధ్యాహ్నము అసలే వద్దు. 20 డిగ్రీల వేడి గల మంచినీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకొనగా, 30 డిగ్రీల నీరు ఏడున్నర మాత్రమే పట్టుకొనును. వేడిలో చేపకు కావలసినది ఎక్కువ, దొరకునది తక్కువ.

మేత సంచులు కట్టిన గెడల వద్దనే వల వేయించుట పలువురికి అలవాటు. అచట సులభముగా పడును, నిజమే. కాని ముందుగా వచ్చి తినునవి బలిసిన చేపలు. అవే కొలిచి చెరువంతయు అట్లే ఉన్నదనుకొన్నచో మోసపోవుదుము. నాలుగైదు చోట్ల వల వేసి, పడిన ప్రతి చేపను, చిన్నదైనను, కొలువవలెను. కయాక్ వేటగాడు తన పెద్ద చేపనే ఫోటో తీయును; అది వాని ఆట. రైతు కూడ వ్యాపారికి చూపుటకు పెద్దదానినే ఏరి తీసినచో, ఆ ఫోటో వ్యాపారికి పనికివచ్చునేమో గాని మేత లెక్కకు పనికిరాదు.

పడవలో పని

ఇద్దరు మనుషులు చాలును. ఒకడు చేపను చూచుకొనును, రెండవవాడు ఫోనును, చీటీని చూచుకొనును. ఏరేటర్లు ఉన్న చెరువైనచో పడవ దిగకముందే కరెంటు ఆపించి, మీట వద్ద ఒక మనిషిని ఉంచవలెను. ఇద్దరును కూర్చుండియే పనిచేయవలెను. నిలుచుండి వంగినపుడే చిన్న పడవలు తలక్రిందులగును. ఈతకోటు ధరించుట మంచిది. ఫోనును నీరు చొరని సంచిలో పెట్టి మెడకు త్రాడుతో కట్టుకొనవలెను.

పడవ ప్రక్కన నీటిలో ఒక చిన్న హాపా కట్టుకొనుడు. విసురు వలను మెల్లగా లాగి పడవ చెంతకు తెచ్చి, చేపలను గాలిలో వ్రేలాడనీయక, నీటిలోనే వలనుండి హాపాలోనికి మార్చవలెను. అరకిలో చేపలైనచో ఒక పర్యాయమునకు అయిదారు మించి ఉంచరాదు. రెండు మూడు నిమిషములు వాటిని కదలనీయక వదలినచో రొప్పు తగ్గి శాంతించును. ఈ విరామము తొందరగలవారికి నచ్చదు. కాని శాంతించిన చేప బల్లపై కదలక పడుకొనును. బెదరిన చేపతో ఫోటోకు పెనుగులాడు కాలముకన్న ఈ విరామమే తక్కువ.

బల్లను మోకాళ్లపై గాని, పడవకు అడ్డముగా గాని, వీలైనంత నీటికి దగ్గరగా పెట్టుకొనవలెను. బల్ల తడిపి, చేతులు తడిపి, తేది, చెరువు నెంబరు వ్రాసిన చిన్న పలకను బల్ల అంచున నిలబెట్టి, ఫోను తెరచి, "సిద్ధము" అని రెండవవాడు చెప్పిన తరువాతనే మొదటివాడు చేపను పైకి తీయవలెను. ఈ క్రమము తప్పరాదు.

ఒక అరచేయి పొట్ట క్రింద, రెండవ చేయి తోక మొదలు వద్ద. పొట్టను నొక్కరాదు, లోన కాలేయము, ప్రేగులు నలుగును. మొప్పలలో వ్రేళ్లు దూర్చి ఎత్తుట మన బజారులలో వాడుకయే గాని, అది అమ్మిన చేపకు చేయవలసిన పని. నీటిలో తేలియాడు చేప వెన్నుపై దాని బరువు పడదు. తోక పట్టియో, దవడ పట్టియో నిలువుగా వ్రేలాడదీసినచో ఆ బరువంతయు వెన్నెముక కీళ్లపై పడును. ఎంత పెద్ద చేప అయితే అంత హాని. బల్లపై పెట్టిన వెంటనే కంటిపై తడిగుడ్డ కప్పినచో చీకటి కమ్మి చేప నెమ్మదించును. ముక్కును అడ్డుచెక్కకు మెల్లగా ఆనించి, నోరు మూసి, గుడ్డ తీసి, "తీయి" అనవలెను. ఒకటి, రెండు ఫోటోలు. వెంటనే నీటిలోనికి.

ఎంతసేపయినదో తెలియుటకు గడియారము అక్కరలేదు. చేపను నీటినుండి ఎత్తునపుడు మీ ఊపిరి బిగబట్టుడు. మీకు ఊపిరి ఆడవలెననిపించు లోపలనే చేపకు నీరు అందవలెను. ఫోటో కుదరకపోయినచో మరల హాపాలో వేసి, వేరొక చేపను తీసికొనుడు. పట్టుదలకు పోయి దానినే మరల మరల ఎత్తుట తగదు.

ఫోటోలో కొలత తప్పకుండుటకు

చేప తల ఎడమవైపుకు ఉండునట్లు, ఎప్పుడును ఒకే తీరున ఉంచవలెను. అప్పుడు ప్రతినెల ఫోటోలో ఎడమప్రక్కయే కనబడి, పేను, ఎర్రమచ్చలు, చిరిగిన రెక్కలు పోల్చిచూచుటకు వీలగును. పొడవును తోక కొసవరకు కాక, తోక చీలిక నడిమి వరకు చదువుట చెరువు చేపలకు నయము. తోక కొసలు వలలో చిరుగుట మామూలు.

ఫోనును బల్లకు సూటిగా పైన, ఆ చివర ఈ చివర రెండును కనబడునంత ఎత్తున పట్టవలెను. ఏటవాలుగా తీసిన ఫోటో అబద్ధము చెప్పును. ఫోను బల్లకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉండి, తోకకు 30 సెంటీమీటర్లు తలవైపుకు జరిగి ఉన్నదనుకొనుడు. తోక బల్లకు ఆనక 2 సెంటీమీటర్లు పైకి లేచినచో, పొడవు సుమారు ఒక సెంటీమీటరు ఎక్కువగా కనబడును. కావున తోకను అరచేతితో బల్లకు ఆనించి, చీలికను మూయకుండ చేయి తీయవలెను.

ఒక సెంటీమీటరే గదా అని తేలికగా తీసివేయకుడు. చేప పొడవు పెరిగినపుడు వెడల్పు, లావు కూడ పెరుగును గనుక, బరువు పొడవునకు ఇంచుమించు మూడు రెట్ల గుణకారముగా పెరుగును. పొడవులో నూటికి 5 తప్పినచో బరువు అంచనాలో నూటికి 16 వరకు తప్పును. పదివేల చేపలు, సగటున 600 గ్రాములు ఉన్న చెరువులో చేపల మొత్తము బరువు 6,000 కిలోలు. నూటికి 2 వంతున మేత 120 కిలోలు. పై తప్పుతో లెక్కించినచో 139 కిలోలు వేయుదుము. దినమునకు 19 కిలోలు, నెలకు 570 కిలోల మేత అడుగున కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును తినివేయును.

తూకము

తూకమును ఒక్కొక్క చేపకు గాలిలో వేయనక్కరలేదు. సగము నీరు పోసిన బకెట్టును తక్కెడపై ఉంచి, ముల్లును సున్నకు తెచ్చి, ఒకే జాతి చేపలను రెండు మూడు అందులో వేసి మొత్తము చూచి సగటు కట్టవచ్చును. ఊగు పడవలో తక్కెడ నిలకడగా ఉండదు; ఈ పని గట్టున చేయవలసినదే. అందుచేత నెల విడిచి నెల తూకము వేయుచు, నడుమ నెలలో ఫోటోతో సరిపెట్టుకొనిన చేపలకు బాధ తగ్గును.

పొడవు, బరువు రెండును తెలిసిన నెలలో మరొక ఉపయోగము కలదు. బరువును గ్రాములలో తీసికొని నూరుచే హెచ్చించి, పొడవును మూడుసార్లు హెచ్చించగా వచ్చినదానిచే భాగింపుడు. 40 సెంటీమీటర్ల శీలావతి 800 గ్రాములు తూగినచో ఈ అంకె 1.25. కొంతకాలమునకు అదే చెరువులో సగటు పొడవు 42 సెంటీమీటర్లయినదనుకొందము. అంకె మారకుండ ఉన్నచో బరువు 926 గ్రాములు ఉండవలెను. తక్కెడ 840 మాత్రమే చూపినచో అంకె 1.13కు పడినది. అనగా చేప సాగినది గాని కండ పట్టలేదు. చేపలు క్రిక్కిరిసి ఉన్నవా, పేను పట్టినదా, మేత అందరికీ చేరుటలేదా అని వెదకవలసిన సమయమది. పొడవు ఒక్కటే చూచినవాడు చెరువు బాగున్నదనియే అనుకొనును.

కొన్ని చేపల ప్రత్యేకత

బొచ్చె, శీలావతి ఎగురుటలో దిట్టలు. హాపాపై మూత వల కప్పుడు. జెల్ల జాతి చేపల ప్రక్క ముళ్లు చేతిలో దిగును, వలలో చిక్కుకొనును. ముల్లును విరుచుటకన్న వల కన్నును కత్తిరించుట మేలు. పండుగప్ప మొప్పల మూత అంచు కత్తివలె కోయును గనుక తడి చేతితొడుగు ధరింపుడు. కొర్రమీను గాలి పీల్చగల చేప. కొంతసేపు బయట ఉన్నను చావదు. ఆ ధీమాతోనే దానిని ఎక్కువ మోటుగా చూచుచున్నారు. జిగురు పోయినచో దానికిని పుండు పడును.

విడుచుట

చేపను ఎత్తునుండి విసరివేయక, రెండు చేతులతో నీటిలోనికి దించి, వీపు పైకి ఉండునట్లు నిలబెట్టుడు. కొందరు దానిని ముందుకు వెనుకకు రంపము వలె లాగుదురు. నీరు నోటిలో చొచ్చి మొప్పల గుండ పోవుట చేపకు సహజము. వెనుకకు లాగినచో తిరుగుడుగా పోయి ఊపిరికి అడ్డము. కదలక పట్టుకొనిన చాలును. తోక తానుగా ఆడించి చేతినుండి పోయినపుడే అది విడుదల. ప్రక్కకు ఒరిగిపోవు చేపను హాపాలో మరికొంతసేపు ఉంచవలెను. అప్పటికిని లేవనిచో దానిని కూరకు తీసికొని పుస్తకములో వ్రాసికొనుడు. చెరువులో విడిచి లెక్కలో బ్రదికినట్లు చూపకుడు.

ఆ పుస్తకములో తేది, చెరువు నెంబరు, చేప జాతి, పొడవు, కనబడిన మచ్చలు, నీటి వెలుపల ఎక్కువసేపు ఉన్నవి ఎన్ని అను సంగతులు వ్రాయవలెను. తరువాతి వారము దినములు ఉదయముననే గాలివాలు గట్టు వెంబడి నడచి, చచ్చి తేలినవి, పుండుపడినవి ఏమైన ఉన్నచో లెక్కపెట్టి అదే పుటలో చేర్చుడు. మరుసటి నెల వల వేయుటకు ముందు ఆ పుట తెరచి, పడవలోనికి వచ్చు మనిషికి కూడ చదివి వినిపింపుడు.